నల్లగొండ నీళ్లలో అక్వేరియం మొక్కలు: ఇంటికి వచ్చి సర్దిపెట్టే సేవపై సమీక్ష

నల్లగొండలో చేపలు, గాజు తొట్లు అమ్మే దుకాణాలకు కొదవ లేదు. అయితే ఇంటికి వచ్చి, తొట్టిలోని పాత మొక్కలను తీసి, కొత్తవాటితో కలిపి పద్ధతిగా సర్ది, అవి నిలదొక్కుకునేలా చూసేవారు దొరకడం కష్టం. పట్టణంలోని ఒక దుకాణం వారు ఈ పని చేస్తున్నారని విని, మా హాలులోని రెండడుగుల తొట్టిని వారికి అప్పగించాను. సుమారు 70 లీటర్లు పట్టే ఆ తొట్టిలో అప్పటికి ఒక మూల గుబురుగా పెరిగిన హైడ్రిల్లా, దాని నీడలో పాలిపోయిన రెండు మూడు మొక్కలు తప్ప చెప్పుకోదగినవేమీ లేవు. వారి పనితనానికి వంక పెట్టలేను. చెప్పవలసిన మాటను ముందే చెప్పడంలో మాత్రం లోటు చేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది, ఏ మొక్కలు కావాలని అడగకముందే వారు నీటిని పరీక్షించడం. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది గాని, అక్వేరియం మొక్కల విషయంలో ముందుగా చూడవలసింది నీటి కాఠిన్యాన్ని. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే సున్నపు లవణాలు కొన్ని మొక్కలకు గిట్టవు, మరికొన్నింటికి అవే అనుకూలం. వచ్చిన యువకుడు చిన్న గాజు గొట్టంలో మా బోరు నీళ్లు తీసుకుని, మందు చుక్కలను లెక్కపెడుతూ వేసి, రంగు మారేదాకా చూసి, ఆ తర్వాత మిషన్ భగీరథ పథకం కింద వచ్చే నల్లా నీళ్లకూ అదే పరీక్ష చేశాడు. బోరు నీళ్లకు దాదాపు రెట్టింపు చుక్కలు పట్టాయి, అంటే వాటి కాఠిన్యం అంత ఎక్కువన్నమాట. రెండింటినీ సగం సగం కలిపి వాడుకోమని, నల్లా నీళ్లను మాత్రం క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లలో నిలవ ఉంచమని చెప్పాడు. అంతటితో ఆగక, అడుగున పరిచిన పాత గులకరాళ్లపై నిమ్మరసం పిండి చూసి, నురగ వచ్చిన తెల్లరాళ్లను ఏరి పక్కన పెట్టాడు. అవి సున్నపు జాతి రాళ్లు. నీటిలో నెమ్మదిగా కరుగుతూ కాఠిన్యాన్ని ఇంకా పెంచుతాయి.

మొక్కల ఎంపిక కూడా ఈ పరీక్షను బట్టే సాగింది. కఠిన జలంలోని బైకార్బొనేట్ నుంచి కర్బనాన్ని తీసుకోగల వాలిస్నేరియాను వెనుక వరుసకు, హైగ్రోఫిలాను ఎడమ మూలకు, క్రిప్టోకొరైన్‌ను మధ్యకు ఎంచుకుని, అనుబియాస్‌నూ జావా ఫెర్న్‌నూ కర్రమొద్దుకు కేటాయించారు. దుకాణంలో చూసిన ఎర్రని రోటలా కావాలని నేను అడిగితే, బలమైన వెలుతురు, విడిగా కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేకుండా మా ఇంట్లో ఆ ఎరుపు నిలవదని చెప్పి అమ్మలేదు. బేరం చేతికి వచ్చినా వద్దని చెప్పిన దుకాణదారును మెచ్చుకోక తప్పదు.

నాటిన తీరు చూడదగ్గది. వాలిస్నేరియా వేళ్లను కత్తెరతో కొంత కురచ చేసి, పొడవాటి చిమటాతో ఇసుకలోకి కాస్త లోతుగానే దింపి, ఆ తర్వాత వేరూ ఆకూ కలిసే తెల్లని మొదలు పైకి కనిపించేంతవరకు మెల్లగా వెనక్కి లాగాడు. ఆ మొదలు ఇసుకలో కూరుకుపోతే మొక్క కుళ్లుతుంది. మరీ పైపైన నాటితే ఊడి నీటిపైకి తేలుతుంది. హైగ్రోఫిలాను రబ్బరు బ్యాండుతో కట్టిన కట్టగా గుచ్చకుండా, కాడలను విడదీసి అంగుళం ఎడంతో ఒక్కొక్కటిగా నాటాడు. కట్టగా ఉంచితే లోపలి కాడలకు వెలుతురు అందక ఆకులు రాలిపోతాయి. అనుబియాస్‌ను నల్లదారంతో కర్రకు కడుతూ, "సార్, దీని దుంపను ఇసుకల పాతొద్దు, కుళ్లిపోతది. వేర్లు వాటంతటవే కర్రను పట్టుకుంటయి" అన్నాడు. ఆ మొక్క నిదానంగా పెరుగుతుంది కనుక, వెలుతురు నేరుగా పడితే ఆకులపై పాచి పడుతుంది. అందుకే కర్రను వాలిస్నేరియా నీడ పడే చోట ఉంచాడు.

లోటు బయటపడింది ఆ తర్వాతే. వారం తిరగకముందే క్రిప్టోకొరైన్ ఆకులు జిగురుగా కరిగిపోయాయి, హైగ్రోఫిలా కింది ఆకులు రాలాయి. దుకాణానికి ఫోన్ చేస్తే "కొత్తల అట్లనే ఉంటది" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ చాలదు. నర్సరీల్లో ఇలాంటి మొక్కలను చాలావరకు నీటి పైన, తేమ గాలిలో పెంచుతారు. అక్కడ పాచి బెడద ఉండదు, కార్బన్ డయాక్సైడ్ ధారాళంగా అందుతుంది, పెరుగుదల వేగంగా ఉంటుంది. నీటిలో ఆ వాయువు వ్యాపించే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ కాబట్టి, మునిగిన మొక్క గాలికి అలవాటుపడిన ఆకులను వదిలేసి, నీటికి తగిన పలుచని ఆకులు వేసుకుంటుంది. క్రిప్టోకొరైన్ అయితే చోటు మార్చినా, నీరు మారినా ఆకులు రాలుస్తుంది. వేళ్లు గట్టిగా ఉన్నంతవరకు మళ్లీ చిగురిస్తుంది. ఈ నాలుగు మాటలు ఒక కాగితంపై రాసిచ్చి ఉంటే సరిపోయేది. తెలియనివారు మొక్క చచ్చిపోయిందనుకుని పీకి పారేస్తారు, లేదా కుళ్లిన ఆకులను అలాగే వదిలేస్తారు. వాటి నుంచి పుట్టే అమోనియా చేపలకు ప్రమాదం. మా తొట్టిలో ఇప్పుడు వచ్చిన చిగుళ్లు సన్నగా, ముదురు రంగులో, పాత ఆకులతో పోలికే లేకుండా ఉన్నాయి.

దీపానికి టైమర్ బిగించి రోజుకు 7 గంటలకు కుదించారు, అది సరైన పని. వేసవి గురించి అడగకుండానే చెప్పినందుకు ఇంకా సంతోషించాను. మే నెలలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. రాత్రిపూట మొక్కలూ దానినే వాడుకుంటాయి కనుక వేసవి రాత్రుల్లో గాలి పంపు ఆపవద్దని, పగలు నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పమని చెప్పారు. ఫ్యాన్ వల్ల ఆవిరైన నీటికి బదులు బోరు నీళ్లు పోయవద్దన్నది మరింత విలువైన సలహా. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి కాబట్టి, ఆ తరుగును ఆర్‌ఓ నీళ్లతో పూడ్చాలి.

మొక్కల ధర, కూలి విడివిడిగా చూపి రశీదు ఇచ్చారు. కత్తిరింపుకు మళ్లీ పిలిస్తే రుసుము వేరు. అప్పుడు హైగ్రోఫిలా కొసలను కోసి వారే సంచిలో వేసుకుపోబోయారు. నాటితే వేళ్లు వేసే ఆ కొసలు మనవే కాబట్టి అడిగి తీసుకోవాలి. ఈ సేవ కావాలనుకునేవారు ఫిబ్రవరిలోనే పిలిపించుకోవడం మేలు. ఎండలు ముదిరాక నాటితే, ఆకు మార్చుకునే కష్టానికి నీటి వేడి కూడా తోడై మొక్క తట్టుకోలేదు.