ఆరు కన్నాల గొట్టం ఫీడర్: పైభాగం భేష్, తంటా అంతా అడుగునే

పెరట్లో పిట్టల కోసం వేలాడదీసే ఫీడర్లలో ఇది అందరికీ తెలిసిన రకమే. పాలికార్బొనేట్ గొట్టం, ఆరు కన్నాలు, వాటి చుట్టూ లోహపు రింగులు, తిప్పి ఊడదీసే అడుగు మూత. నిండా పోస్తే కిలో దాకా గింజలు పడతాయి.

లోహపు రింగులు అలంకారానికి కావు. ఉడుత ప్లాస్టిక్ అంచును కొరికి కన్నం పెద్దది చేసిందంటే గింజలు వాటంతట అవే కారిపోతాయి. రింగు ఉంటే ఆ బెడద తగ్గుతుంది. వాలే పుల్లలు పొట్టివి కాబట్టి పిచ్చుకల్లాంటి చిన్న పిట్టలకు కుదురుతాయి, పావురాలకూ కాకులకూ కాలు నిలవదు. నేల మీద ఏరుకు తినే గువ్వల కోసమైతే మాత్రం ఇది కొనకండి, వాటికి పళ్లెం రకమే నయం.

ఇక అడుగు సంగతి. చివరి కన్నానికీ అడుగు మూతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంది. అక్కడికి జారిన గింజలు ఏ ముక్కుకూ అందవు. వాన జల్లు కన్నాల్లోంచి దిగి అక్కడే చేరుతుంది. నీళ్లు పోవడానికి చిల్లులున్నా పొట్టు అడ్డుపడి మూసుకుపోతాయి. గింజలు నాని, గడ్డకట్టి, బూజు పడతాయి. ఆస్పర్జిల్లస్ జాతి బూజు పిట్టల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పైనుంచి కొత్త గింజలు పోసుకుంటూ పోతే కింద కుళ్లేది కంటికి కనబడదు. అందుకే నింపే ప్రతిసారీ పాతవి బోర్లించి దులపాలి. కిలో పడుతుంది కదా అని కిలో పోయకండి, రెండు రోజుల్లో ఖాళీ అయ్యేంతే చాలు.

రెండు వారాలకోసారి, వానల్లో ఇంకా ముందే, విప్పి సబ్బునీళ్లతో తోమండి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడగండి. పూర్తిగా ఆరాకే గింజలు పోయాలి, తడి మీద పోస్తే బూజు మళ్లీ మొదలు. అడుగు ఊడుతుంది కాబట్టి సీసా బ్రష్ రెండు వైపుల నుంచీ దూరుతుంది. దీన్ని కొనదగ్గ వస్తువుగా నిలబెట్టింది ఆ ఒక్క సౌకర్యమే. అడుగు అతికించేసిన రకాల జోలికి పోవద్దు.

గింజల్లో నల్ల పొద్దుతిరుగుడు ఉత్తమం: పెంకు పలచన, నూనె ఎక్కువ, చిన్న ముక్కుకూ పగులుతుంది. జొన్నలు దండిగా కలిపిన మిశ్రమాలు దండగ. నచ్చని గింజను పిట్టలు కిందికి విసిరేస్తాయి, అది ఎలుకలకు పిలుపు. వలిసెలు ఈ కన్నాల్లోంచి కారిపోతాయి, వాటికి సన్నని చీలికలున్న ఫీడర్ వేరే ఉంటుంది. ఉప్పు వేసినవేవీ వద్దు.

వేలాడదీసే చోటు కిటికీకి మీటరు లోపలైనా ఉండాలి, పది మీటర్ల అవతలైనా ఉండాలి. మధ్య దూరంలో ఉంటే, బెదిరి ఎగిరిన పిట్ట అద్దంలో ఆకాశం చూసి పూర్తి వేగంతో గుద్దుకుంటుంది. మీటరు లోపలైతే అంత వేగం అందుకోదు. పొదలకు మూడు మీటర్ల ఎడం ఉంచండి: పిల్లి ఒక్క గెంతులో అందుకోలేదు, డేగ వస్తే పిట్టకు దాగే చోటూ దొరుకుతుంది. కొమ్మకు కడితే ఉడుతకు రాజమార్గమే. విడిగా స్తంభం పాతి, మీటరున్నర ఎత్తున శంకువు ఆకారపు అడ్డు బిగించడం మేలు.

ఈకలు ఉబ్బించుకుని, కళ్లు వాచి, మనిషి దగ్గరికెళ్లినా కదలని పిట్ట కనిపిస్తే ఫీడర్ దించి కడిగి, రెండు వారాలు లోపలే పెట్టేయండి. అన్ని పిట్టలూ అవే కన్నాల్లో ముక్కు పెడతాయి కనుక జబ్బు ఇట్టే పాకుతుంది.

ఐదుకు మూడున్నర. పిట్టల రాక తక్కువగా ఉండే పెరటికి ఆరు కన్నాలది వద్దు, ఇదే తరహాలో చిన్న గొట్టం తీసుకోండి.