సేఫ్‌వార్డ్స్: సైకియాట్రీ వార్డు నర్సుగా నా అభిప్రాయం

సైకియాట్రీ వార్డులో చేరిన ప్రతి కొత్త నర్సుకూ ఎవరో ఒకరు "దెబ్బలు ఇక్కడ మామూలే, అలవాటు చేసుకో" అని చెప్తారు. నేను దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. అందుకే మా వార్డులో వాడుతున్న సేఫ్‌వార్డ్స్ గురించి వివరంగా రాస్తున్నాను.

ఇది సైకియాట్రీ వార్డుల్లో గొడవలు, బలవంతాలు తగ్గించడానికి ఇంగ్లండ్‌లో లెన్ బవర్స్ అనే సైకియాట్రిక్ నర్సింగ్ ప్రొఫెసర్ తన బృందంతో తయారుచేసిన పద్ధతి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అక్కడి 15 ఆసుపత్రుల్లో, 31 వార్డుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాడని వార్డులతో పోలిస్తే గొడవలు 15 శాతం తగ్గాయి. బలవంతంగా పట్టుకోవడం, ఇంజెక్షన్ చేయడం, విడి గదిలో పెట్టడం లాంటివి 26 శాతం తగ్గాయి.

ఇందులో పది పనులుంటాయి. నాకు ఎక్కువ పనికొచ్చింది మెత్తని మాటలు. గొడవలు చాలావరకు మూడు చోట్ల పుడతాయి: అడిగింది కాదన్నప్పుడు, చేస్తున్నది ఆపమన్నప్పుడు, ఇష్టంలేని పని చేయమన్నప్పుడు. ఈ మూడు సందర్భాల్లో ఎలా మాట్లాడాలో ఒక చిన్న సలహా నర్సుల గదిలో పెడతారు, కొన్ని రోజులకోసారి మారుస్తారు. "ఇప్పుడు ఫోన్ కుదరదు" అంటే తలుపు మీద గుద్దే మనిషే, "అమ్మతో మాట్లాడాలని ఉంది కదా, హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సులకు వివరాలు అప్పగించడం) అవగానే నేనే ఫోన్ తెస్తాను" అంటే వెళ్లి కూర్చోవడం చూశాను. కాకపోతే అన్న టైముకి ఫోన్ తీసుకెళ్లాలి. తీసుకెళ్లకపోతే ఆ మొదటి మాటే నయం.

చెడ్డ కబురును ఎలా చెప్పాలో ముందే అనుకోవడం రెండోది. సాయంత్రం వస్తానన్న అన్నయ్య రావట్లేదని తెలిస్తే, ఆ విషయం ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, తర్వాత పక్కన ఎవరుండాలి అని ముందుగా మాట్లాడుకుంటాం. ఇంతకుముందు ఆ కబురు ఎవరి నోట పడితే వాళ్ల నోట, నడవాలో నిలబడే బయటపడేది.

డిశ్చార్జ్ అయ్యేవాళ్లు రాసిపెట్టే నాలుగు మాటలు కూడా బాగున్నాయి. కొత్తగా చేరినవాళ్లు వాటి ముందు ఆగి చదువుతారు.

ఇక నా అసలు ఫిర్యాదు. గొడవ జరిగాక, చూసి భయపడ్డ పేషెంట్ల దగ్గరకు వెళ్లి ధైర్యం చెప్పాలని ఈ పదింటిలో ఉంది. దెబ్బ తిన్న నర్సు కోసమని విడిగా ఒక్కటీ లేదు. చెంపదెబ్బ తిన్న సిస్టరే అదే డ్యూటీలో అదే మనిషికి రాత్రి మందులివ్వాల్సి వస్తుంది. ఇంటికెళ్లాక నిద్ర పట్టదు, మర్నాడు వార్డు తాళం తీస్తుంటేనే గుండె దడ. ఆ డ్యూటీ నుంచి ఆమెను తప్పించి మరొకరిని వేయాలి, ఇంటిదాకా తోడు పంపాలి, తర్వాతి వారాల్లో ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి. వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా ఒకసారి చెప్పిస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఒక్క సిట్టింగ్ తర్వాతి మానసిక గాయాన్ని ఆపదని, అందరికీ తప్పనిసరి చేయొద్దని కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి తేల్చే సమీక్ష) ఎప్పుడో చెప్పింది.

ఇంకో భయం కూడా ఉంది. పైవాళ్లు ఈ సేఫ్‌వార్డ్స్‌నే తిప్పి, "నువ్వు మెత్తగా మాట్లాడి ఉండవు" అని దెబ్బ తిన్న మనిషినే నిలదీయవచ్చు. చెవిలో గొంతులు "కొట్టు" అని ఆజ్ఞాపిస్తుంటే నా మాట ఎంత మెత్తనైనా ఆ పేషెంట్‌కి చేరదు. డ్యూటీలో ఇద్దరే నర్సులుంటే మెత్తగా మాట్లాడే తీరికే ఉండదు. మనుషులను పెంచకుండా సేఫ్‌వార్డ్స్ పోస్టర్లు మాత్రం అంటిస్తే నేను మెచ్చుకోలేను.

సేఫ్‌వార్డ్స్‌కి తోడు, ఎవరు దాడికి దిగే అవకాశం ఉందో ముందే అంచనా వేసే, నార్వేలో పుట్టిన బ్రోసెట్ చెక్‌లిస్ట్ కూడా వాడండి. అయోమయం, చిరాకు, అల్లరి, నోటితో బెదిరించడం, మీదికి రావడం, వస్తువులను కొట్టడం అనే ఆరు గుర్తులు చూసి మార్కులు వేస్తారు. మూడు, ఆపైన వస్తే రాబోయే 24 గంటలూ జాగ్రత్త. పూర్తిచేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు, హ్యాండోవర్‌లో చెప్పుకోవడానికీ సులువు.

కొత్తగా మొదలుపెట్టే వార్డులైతే పదీ ఒకేసారి ఎత్తుకోకండి. మెత్తని మాటలతో మొదలుపెట్టి, అందరికీ అలవాటయ్యాక చెడ్డ కబుర్ల సంగతి చేర్చండి. దెబ్బ తిన్నవారి కోసం ఏం చేస్తారో మాత్రం మొదటి రోజే కాగితం మీద రాయించి, ఇన్‌చార్జ్‌తో సంతకం పెట్టించుకోండి.