కుండీలో అరుదైన పండ్ల చెట్టు: జబోటికాబా, మిరాకిల్ ఫ్రూట్, బార్బడోస్ చెర్రీ - ఏది మేలు?

కాండం నిండా నల్ల గోలీలు అతికించినట్టు కాసిన జబోటికాబా ఫొటో చూశాక ఆగడం కష్టం. నేనూ ఆగలేదు. మూడేళ్లలో కాపుకొస్తుందని చెప్పి ఇచ్చారు. ఇది ఏడో ఏడు. ఆకులు దివ్యంగా ఉన్నాయి, కాయ మాత్రం ఒక్కటీ లేదు. ఆ తర్వాత తెచ్చిన మిరాకిల్ ఫ్రూట్ ఏడాదిన్నరకే పోయింది. విసిగిపోయి, పెద్ద ఆశ లేకుండా పెట్టిన బార్బడోస్ చెర్రీ రెండో ఏడే గిన్నెడు పళ్లిచ్చింది. పండు పేరు చూసి మొక్క కొన్నానే కానీ, కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని ఈ మూడూ కలిసి నేర్పాయి. ఎంతకాలం ఆగగలను? నా కుళాయిలో వచ్చే నీళ్లు ఎలాంటివి?

ముందు ఆగడం సంగతి. బ్రెజిల్ చెట్టు జబోటికాబాలో రకాన్ని బట్టి లెక్క మారిపోతుంది. రుచికి పేరున్న సబారా రకం విత్తనం నుంచి కాపుకి రావడానికి ఎనిమిదేళ్లు పట్టొచ్చు, పదిహేను దాకా కూడా పోవచ్చు. ఎర్ర జబోటికాబా అనే సంకర రకమైతే మూడు నుంచి ఐదేళ్లలో పూస్తుంది. నాకు చెప్పిన మూడేళ్లు ఎర్ర రకానివి, చేతికిచ్చిన మొక్క సబారాది. ఇక్కడ ‘విత్తన మొక్క వద్దు, అంటు మొక్కే కావాలి’ అని పట్టుబట్టాల్సిన పనిలేదు. ఒక్క గింజ నాటితే నాలుగైదు మొలకలు రావడం జబోటికాబాకి మామూలే, అవి చాలావరకు తల్లి పోలికతోనే ఉంటాయి. కాబట్టి గట్టిగా అడగాల్సింది రకం పేరు.

బార్బడోస్ చెర్రీకి ఇది తలకిందులు. దాని గింజల్లో చాలావాటికి లోపల పిండమే ఉండదు, నాటినా మొలవవు. కొమ్మ నాటి పెంచిందో, గాలి అంటు కట్టిందో తీసుకుంటే ఒకటి రెండేళ్లలో కాయలు కనిపిస్తాయి. పూత వచ్చిన మూడు నాలుగు వారాలకే పండు చేతికొస్తుంది. పైగా ఏడాదికి ఒక్కసారి కాసి ఊరుకునే రకం కాదు, వెచ్చగా ఉన్నంతకాలం విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. మిరాకిల్ ఫ్రూట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. గింజ నుంచి రెండు మొదలు నాలుగేళ్లు. గింజ ఎండిందంటే మొలవదు, పండు తిన్న రోజే మట్టిలో పెట్టెయ్యాలి.

ఇక నీళ్లు. మొక్కలు ఎక్కువగా పోయేది ఇక్కడే, దీని గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. మీరు నీళ్లు పట్టే బకెట్ అంచు ఒకసారి గోటితో గీకి చూడండి. తెల్లటి పొర పొడిలా రాలితే ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. నేలలో మొక్కకి అది కొంతవరకు ఫరవాలేదు, వేరు పక్కకి జరిగి బతుకుతుంది. కుండీలో ఎటు పోతుంది? పోసిన ప్రతిసారీ కాస్త కాస్త సున్నం పేరుకుని మట్టి పీహెచ్ (పులుపెంతో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పైకి పాకుతుంది. పీహెచ్ 7 దాటిందంటే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. అప్పుడు లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టు మిగులుతాయి, ముదురాకులు బాగానే ఉంటాయి. నత్రజని తక్కువైతే ముందు పండిపోయేది ముదురాకు. ఈ తేడా తెలియక నేను మిరాకిల్ ఫ్రూట్‌కి ఎరువు మీద ఎరువు వేశాను. అంతకుముందు పసుపెక్కిన ఆకు ఈసారి అంచుల నుంచి గోధుమ రంగులో మాడుతూ వచ్చింది. దాని చావుకి సగం కారణం నీళ్లయితే మిగతా సగం నేనే.

మిరాకిల్ ఫ్రూట్ పశ్చిమ ఆఫ్రికా పొద. దానికి పీహెచ్ 4.5 నుంచి 5.8 దాకా ఉండే పుల్లటి మట్టి కావాలి, ఉప్పుని అసలు ఓర్చుకోదు. వాన నీళ్లు పట్టి దాచుకోగలిగితేనే దాని జోలికి వెళ్లండి. జబోటికాబాకీ పులుపే ఇష్టం కానీ కొంచెం సర్దుకుపోతుంది. ఆకు పసుపెక్కుతుంటే చీలేటెడ్ ఐరన్, అంటే వేరుకి అందే రూపంలో ఉండే ఇనుము, ఇవ్వొచ్చు, కాకపోతే డబ్బా మీద పేరు చదివి కొనాలి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటిన మట్టిలో పెద్దగా పనిచెయ్యదు, సున్నపు మట్టిలో పనికొచ్చేది ఈడీడీహెచ్‌ఏ రకం. బార్బడోస్ చెర్రీ అయితే మామూలు కుళాయి నీళ్లతో లాక్కొచ్చేస్తుంది. దాని బెడద ఇంకొకటి, మట్టిలో ఉండే నులిపురుగులు. అవి వేళ్లకి బుడిపెలు కట్టిస్తాయి. తోట మట్టి కాకుండా కొత్త మిశ్రమం వాడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

కుండీ దగ్గరా మూడూ ఒక మాట మీద ఉండవు. గుడ్డ గ్రో బ్యాగ్ అంచుకి తగిలిన వేరు కొస గాలికి ఎండి ఆగిపోతుంది, లోపల పిల్లవేర్లు పుడతాయి. ప్లాస్టిక్ కుండీలోలా వేరు గుండ్రంగా చుట్టుకోదు. బార్బడోస్ చెర్రీకి ఇది చక్కగా సరిపోతుంది, నాది 40 లీటర్ల బ్యాగ్‌లోనే ఉంది. అదే బ్యాగ్‌లో జబోటికాబా పెడితే ఎండాకాలం రోజుకి రెండుసార్లు నీళ్లు మొయ్యాలి. దానికి ఎప్పుడూ తేమ ఉండాలి, ఒక్కసారి బాగా వాడిందంటే కొమ్మలు కొసల నుంచి ఎండుతూ వస్తాయి. దానికి వెడల్పాటి ప్లాస్టిక్ కుండీయే మేలు. మిరాకిల్ ఫ్రూట్ చిన్న పొద, 15-20 లీటర్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఏ కుండీ అయినా అడుగున కంకర పోసే అలవాటు మాత్రం మానెయ్యండి. దానివల్ల నీళ్లు త్వరగా దిగవు, కంకర మీదే తడి నిలిచి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది.

చివరికి పండు సంగతి. జబోటికాబా కోసిన మూడు నాలుగు రోజులకే పులియడం మొదలవుతుంది, బార్బడోస్ చెర్రీ రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది. ఇవి అంగళ్లలో అరుదుగా కనిపించడానికి కారణం ఇదే, ఇంట్లో పెంచుకోవడానికీ ఇదే కారణం. జబోటికాబా మందపాటి తొక్క కింద ద్రాక్షలాంటి తియ్యటి గుజ్జు ఉంటుంది. రుచిలో మూడింట్లో దానిదే పైచెయ్యి, అందులో నాకు అనుమానం లేదు (పక్కవాళ్ల చెట్టుది తిన్నాను లెండి). బార్బడోస్ చెర్రీ పులుపు, ఊరికే గుప్పెడు తినేది కాదు. కానీ 100 గ్రాముల్లో విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు దాటుతుంది, కమలాపండులో ఉండేది సుమారు 50. మిరాకిల్ ఫ్రూట్‌కి సొంత రుచి చెప్పుకోదగ్గంత లేదు. పల్చటి గుజ్జు, మధ్యలో పెద్ద గింజ. ఆ గుజ్జు నాలుకంతా తగిలేలా చప్పరిస్తే అందులోని మిరాక్యులిన్ అనే ప్రోటీన్ తీపిని పసిగట్టే చోట అతుక్కుంటుంది. అరగంట, గంట వరకు నిమ్మచెక్క కొరికినా తియ్యగా ఉంటుంది. వండితే ఆ గుణం పోతుంది. వచ్చినవాళ్లని ఆశ్చర్యపరచడానికి దీన్ని మించింది లేదు, కడుపు నింపుకోడానికి పనికిరాదు.

మాంగోస్టీన్ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. లోతుగా దిగే తల్లివేరు, దానికి పిల్లవేర్లు తక్కువ, కదిపితే అలుగుతుంది, కాపుకి కనీసం ఏడెనిమిదేళ్లు. కుండీలో వద్దు.

కాబట్టి మొదటి మొక్క అయితే బార్బడోస్ చెర్రీ తీసుకోండి. కొమ్మలు కత్తిరించేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి, లేత ఆకుల నూగు దురద పెడుతుంది. ఒక్క కుండీకే చోటుండి, నాలుగైదేళ్లు ఆగే ఓపిక ఉంటే ఎర్ర జబోటికాబా. మిరాకిల్ ఫ్రూట్ మూడో మొక్కగా, అదీ వాన నీళ్ల డ్రమ్ము కొన్నాకే. నా సబారాని మాత్రం తీసెయ్యలేదు. ఈ మధ్య కాండం మీద బెరడు పల్చటి రేకుల్లా ఊడి, కింద లేతరంగు చెక్క నున్నగా బయటపడింది. రోజూ పొద్దున నీళ్లు పోస్తూ అక్కడ ఏమైనా మొగ్గ పొడుస్తోందా అని వేలితో తడిమి చూస్తున్నాను.