ప్రోగ్రెసివ్ అద్దాలు ఏళ్ల తరబడి వాడాక: 4 మిల్లీమీటర్ల దగ్గర వచ్చిన చిక్కు

ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరపు చూపు, కిందికి పోయేకొద్దీ చదివే పవర్, మధ్యలో గీత లేకుండా ఒకే అద్దంలో ఉండేవి) చేయించుకోబోయే వారికి నేను ముందుగా చెప్పేది కంపెనీ పేరు కాదు. మీరు ఎంచుకున్న ఫ్రేము మీ ముఖం మీద ఉండగా, కనుపాప నడిమి భాగం ఎక్కడికి వస్తుందో అద్దం మీద పెన్నుతో గుర్తు పెట్టారా లేదా చూసుకోండి. పెట్టకపోతే ఆర్డరు ఇవ్వకండి. ఈ విషయంలో నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

చత్వారం ఎందుకు వస్తుంది, బైఫోకల్‌కూ దీనికీ తేడా ఏమిటి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

మొదటి జత నాకు ఇట్టే అలవాటైంది. అడిగిన వారికీ అడగని వారికీ ఇవే తీసుకోమని చెప్పాను. కొన్నేళ్లకు దగ్గరి చూపు పవర్ పెరిగింది, రెండో జత చేయించాను. ఈసారి ఇంకా ఖరీదైన డిజైన్. దూరం స్పష్టంగా కనిపించేది. పుస్తకం తెరిస్తే మాత్రం గడ్డం పైకెత్తాలి, లేదా ఫ్రేమును వేలితో పైకి నెట్టి అలాగే పట్టుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చున్న రోజు సాయంత్రానికి మెడ పట్టేసేది.

దుకాణానికి వెళితే ఓపిక పట్టమన్నారు, అలవాటవుతుందన్నారు. మళ్లీ వెళితే కంటి పరీక్ష చేశారు. పవర్ సరిగ్గానే ఉంది. అద్దాలను యంత్రం మీద పెట్టి చూశారు. అక్కడా సరిగ్గానే ఉంది. చివరికి ‘కొందరికి ప్రోగ్రెసివ్ పడదండి’ అని తేల్చేశారు. నన్ను బాగా నొప్పించిన మాట అది. అంతకుముందు జతతో ఏళ్లు హాయిగా గడిపిన మనిషికి ఇప్పుడు ఎందుకు పడదు? ఆ ప్రశ్న అక్కడ ఎవరూ వేసుకోలేదు.

వేరే చోట ఒక టెక్నీషియన్ ఆ అద్దాలను వెలుతురుకు ఎదురుగా పట్టి అటూ ఇటూ వంచి చూశారు. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దం మీదా మామూలుగా కంటికి ఆనని రెండు చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి. వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. కణత వైపు గుర్తు కింద దగ్గరి చూపుకు కలిపిన పవర్ కూడా అంకెల్లో ఉంటుంది. ఆ రెండూ దొరికితే, తయారీదారు ఇచ్చే పటం మీద అద్దాన్ని పెట్టి, కనుపాప ఉండవలసిన చోటును మళ్లీ గీయవచ్చు. ఆయన అలాగే గీసి, కళ్లజోడు నాకు పెట్టి, ఎదురుగా తిన్నగా చూడమన్నారు. గీసిన గుర్తు నా కనుపాప కంటే 4 మిల్లీమీటర్లు కింద ఉంది.

నాలుగే కదా అనిపిస్తుంది. కానీ దూరపు చూపు నుంచి చదివే పవర్ వరకు దిగే నడవ పొడవు, డిజైన్‌ను బట్టి, ఇంచుమించు 11 నుంచి 18 మిల్లీమీటర్లే. అంత చిన్న దారి మొత్తం కిందికి జరిగిపోతే, కన్ను ఎంత దించినా చదివే భాగం అందదు. అందుకే నా మెడ ఆ పని చేస్తూ వచ్చింది. ముక్కు దగ్గరి ప్యాడ్లు వంచితే ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దవచ్చు. నాలుగు సర్దడం కుదరదు.

అదే ఫ్రేము, అదే పవర్, అదే డిజైన్. కనుపాప గుర్తు ఎత్తు ఒక్కటే మార్చి కొత్త అద్దాలు వేయించాను. పెట్టుకున్న రోజే తల కదపకుండా పేజీ చదివాను. అంత ఆనందం నాకు ఏ కొత్త వస్తువూ ఇవ్వలేదు.

అలాగని మొదటి జత గురించి అన్న మాటలన్నీ ఇప్పుడు అనలేను. అప్పుడు నాకు దగ్గరి చూపుకు కలిపిన పవర్ 1.25 మాత్రమే, ఇప్పుడు 2.00. నడవలో పైనుంచి కిందికి పవర్ ఎంత వేగంగా పెరిగితే, దాని పక్కల చెదిరింపు (చూపు మసకబారడం) దాదాపు రెట్టింపు వేగంతో పెరుగుతుందని మింక్‌విట్జ్ అనే గణిత శాస్త్రవేత్త 1963లోనే చూపించారు. ఎంత ఖరీదైన డిజైన్ అయినా ఆ చెదిరింపును అటూ ఇటూ సర్దగలదు గానీ పూర్తిగా తీసేయలేదు. కాబట్టి తొలి జత అంత సుఖంగా ఉండడంలో నా తక్కువ పవర్‌కు కూడా వాటా ఉంది. ఇప్పుడు పెద్ద స్క్రీన్ మీద ఒక వరుస చదవాలంటే తల కాస్త తిప్పక తప్పదు. మెట్లు దిగేటప్పుడు తల వంచి, అద్దం పైభాగం నుంచి అడుగు చూసుకోవాలి.

మిగతా మార్గాల గురించి నా మాట అందరికీ వర్తించదు. నాది మైనస్ 7 హ్రస్వదృష్టి. 2021లో అమెరికాలో అనుమతి పొందిన 1.25 శాతం పైలోకార్పిన్ చుక్కలు కనుపాపను చిన్నది చేసి కొన్ని గంటలు దగ్గరి చూపునిస్తాయి. కానీ రెటీనా చిరిగే ప్రమాదం, అరుదే అయినా, నా వంటి కళ్లకు ఎక్కువని డాక్టరు వద్దన్నారు. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర ఉండేలా కాంటాక్ట్ లెన్సులు పెట్టి చూశాను. చదవడానికి బాగున్నాయి, రాత్రి వాహనం నడపడానికి మాత్రం ధైర్యం చాలలేదు. పగలు మాత్రమే బయటికి వెళ్లే వారికి అవే మేలు కావచ్చు.

నాకు మాత్రం బయటికి ప్రోగ్రెసివ్, కంప్యూటర్ దగ్గర ఆ దూరానికి చేయించిన వేరే జత కుదిరాయి. ఆ కంప్యూటర్ జతకూ ఎత్తు కొలిపించాను.