చైనా కూరగాయల కత్తి: ముందు మందం చూడండి

చైనీస్ క్లీవర్ (పలకలా వెడల్పుగా ఉండే కత్తి) కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అని. అది రెండో ప్రశ్న. ముందు తేలాల్సింది మందం.

చూడ్డానికి అన్నీ ఒకేలాంటి రేకు పలకలే. హాంకాంగ్ దుకాణాల్లో మాత్రం దేని పేరు దానిదే. పిన్ దో అంటే తరగడానికి వాడే పల్చటిది. మన్ మో దో అంటే ‘పండితుడూ యోధుడూ’: ముందు భాగం కూరలకు, పిడి దగ్గర మందంగా ఉండే భాగం కోడి ఎముకలకు. ఎముకల కోసమే చేసిన గ్వాట్ దో సంగతి ఇక్కడ అనవసరం. అది మాంసం దుకాణానికి తగిన సరుకు.

కొనేముందు వీడియోల్లో టమాటా కోసి చూపిస్తే నమ్మకండి. టమాటాకి పదునుంటే చాలు. మందం గుట్టు బయటపడేది క్యారెట్, కంద, చిలగడదుంప దగ్గర. లావుపాటి కత్తి క్యారెట్లో సగం దిగేసరికి మొద్దులో దిగ్గొట్టిన చీలలా పనిచేస్తుంది. ముక్క తెగదు, ‘టక్’మని వంకరగా చీలి ఎగిరిపడుతుంది. అలాంటిదాన్ని ఎంత సానపట్టినా ఇదే తంతు, ఎందుకంటే లోపం వాదరలో లేదు, దాని పైనున్న లావులో ఉంది. వాదరకు సెంటీమీటరు పైన మందం ఒక మిల్లీమీటరు దాటకూడదు. వెన్ను రెండు మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. ఇరవై సెంటీమీటర్ల పొడవు, వాదర నుంచి వెన్ను దాకా తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, మూడు వందల గ్రాముల బరువు ఇంటికి చక్కటి కొలత.

బరువెక్కువైతే కత్తే పని చేసుకుపోతుందంటారు. కత్తిపీట దగ్గర కూర మన చేతిలో కదులుతుంది, కత్తి కదలదు. క్లీవర్‌తో కిలో బెండకాయలు తరిగితే కొన్ని వందలసార్లు కత్తినే ఎత్తాలి. అర కిలో కత్తయితే మణికట్టుకి తెలుస్తుంది.

ఇక ఉక్కు. హాంకాంగ్ కత్తుల కంపెనీ చాన్ చీ కీ వాళ్ల 1303 మోడల్ లాంటి కార్బన్ కత్తి పల్చన, సానకు తొందరగా లొంగుతుంది. కానీ మామిడికాయ, నిమ్మకాయ తగిలితే నల్లబడుతుంది, అరటికాయ ముక్కల్ని ఇంకా నల్లగా చేస్తుంది. తడిగా వదిలేస్తే కాసేపట్లోనే తుప్పు మచ్చలు. విశాఖ, కాకినాడ గాలిలో మరీ తొందర. వాడగానే తుడిచి కొబ్బరినూనె పూయగలిగితే తీసుకోండి. వేరుశెనగ నూనె పూస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది. నలుగురి చేతులు పడే వంటింటికైతే నా ఓటు పల్చటి స్టెయిన్‌లెస్‌కే. చైనా గ్వాంగ్‌డాంగ్‌లోని యాంగ్‌జియాంగ్ నుంచి వచ్చే షిబాజి బ్రాండ్ కత్తుల్లో అలాంటివి దొరుకుతాయి. అయితే అదే పేరుతో మందపాటివీ ఉన్నాయి, కొలతలు చూసి తీసుకోండి.

సాన ఏ ఉక్కుకైనా తప్పదు. కత్తి ఎత్తుగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది: తొమ్మిది సెంటీమీటర్ల కత్తికి వెన్నును రాయి నుంచి సుమారు 23 మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుంటే పదిహేను డిగ్రీల కోణం కుదురుతుంది. వెయ్యి గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) సానరాయి చాలు. లాగి పదునుపెట్టే చిన్న యంత్రాలు ఈ పల్చటి వాదరని చెరిపేస్తాయి.

మన్ మో దో ఎవరికి? వారంవారం కోడిని ఇంట్లోనే ముక్కలు కొట్టుకునేవాళ్లకి. మిగతావాళ్లకు దండగ. పల్చటి దానితో ఎముక, కొబ్బరికాయ, ఫ్రీజర్లో గడ్డకట్టిన మాంసం కొడితే వాదరకు గంట్లు పడతాయి. మునగకాడలకు ఢోకా లేదు. వెల్లుల్లిని కత్తి పక్కభాగంతో అరచేత్తో నొక్కండి, బాదొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ కత్తుల్ని పాడుచేసేది గ్రానైట్ గట్టు. కత్తితోపాటు కనీసం 40×30 సెంటీమీటర్ల చెక్క పలక కూడా కొనండి, కింద తడిగుడ్డ పరిస్తే జారదు.