తవుడు డ్రమ్ము పొంగకుండా లావు గొట్టం: కొన్ని పంటల పాటు వాడాక

రొయ్యల గుంటలకు తవుడు, బెల్లం, ఈస్టు పులియబెట్టి చల్లే వాళ్ళకు ఈ తంటా కొత్త కాదు. సాయంత్రం కలిపి మూత బిగిస్తే తెల్లారేసరికి సగం సరుకు షెడ్డు నేల మీద ఉంటుంది. చుట్టూ చీమలు, ఈగలు. ఎవురిదో కుక్క కూడా వచ్చి నాకుతుంటుంది. మైపాడు వైపు మా గుంటల మీద 200 లీటర్ల నీలం డ్రమ్ము, దాని మూతకు బిగించిన ఇంచిన్నర గొట్టం కొన్ని పంటలుగా వాడుతున్నా. ఎంతవరకు పనికొచ్చిందో చెబుతా.

డ్రమ్ము నోరు మొత్తం తెరుచుకునేదై ఉండాలి. మూత చుట్టూ ఇనప పట్టీ బిగించే రకం అన్నమాట. పైన రెండు చిన్న బిరడాలు మాత్రమే ఉండేది దండగ. కలపడానికి కర్ర సరిగా ఆడదు, కడగడానికి చెయ్యి అందదు. పాత డ్రమ్ము కొనేటప్పుడు ముందు అందులో ఏం వచ్చిందో అడగండి. "ఏం గాదులే అన్నా, సోడాతో కడిగేసినాం" అంటారు. లేబులు చింపేసి ఉంటే మాత్రం నేను ముట్టుకోను.

ఇక గొట్టం. ఈ ఉపాయం ఇంట్లో బీరు కాచుకునే దేశాల వాళ్ళది. వాళ్ళ గాజు బుడ్డి 19 లీటర్లది. ఈస్టు ఉరకలేసే మొదటి రెండు మూడు రోజులు చిన్న ఎయిర్‌లాకు (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి బిరడా) పెట్టరు. లావు గొట్టం తగిలించి, దాని కొసను బకెట్టు నీళ్ళలో ముంచుతారు. నురగంతా బకెట్టులోకి పోతుంది, బయటి గాలి, ఈగ లోపలికి రావు. పొంగు తగ్గాక ఎయిర్‌లాకు పెట్టుకుంటారు. ఆ చిన్న ఎయిర్‌లాకు మన తవుడుకి రవంత కూడా పనికిరాదు. పొట్టు అడ్డం పడి మూసుకుపోతుంది, లోపల గ్యాసు బిగుస్తుంది, ఆ తర్వాత మూతే లేస్తుంది.

ఎంత గ్యాసు వస్తుందో లెక్కేసుకుంటే లావు గొట్టం ఎందుకో తెలుస్తుంది. కిలో బెల్లంలో ఉన్న చక్కెర మొత్తం పులిస్తే రమారమి 200 లీటర్ల కార్బన్ డయాక్సైడు పుడుతుంది. నేను వేసేది 5 కిలోలు. అంటే డ్రమ్ముకు అయిదింతల గ్యాసు ఒకటి రెండు రోజుల్లో ఆ మూతలోంచే బయటపడాల. అది ఊరికే కూడా పోదు. తవుడంతా పైకి తేలి అట్ట కడుతుంది, గ్యాసు దాని కింద నిలిచి అట్టను మొత్తంగా ఎత్తుతుంది. కాబట్టి ఎంత మంచి గొట్టం పెట్టినా డ్రమ్ములో మూడో వంతు ఖాళీ వదలాల్సిందే. నేను నీళ్ళు, తవుడు కలిపి 130 లీటర్ల గీత దాటనివ్వను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో అట్టను విరగ్గొడతాం. గొట్టం కంటే ఈ ఖాళీకే ఎక్కువ మార్కులు వేస్తా. అంగళ్ళలో ఈ మాట చెప్పరు, ఖాళీని అమ్మలేరు కదా!

గొట్టం లోపల నున్నగా ఉండాలి. మోటార్లకు వాడే చుట్టల సక్షన్ పైపు పెడితే ఆ మడతల్లో పొట్టు ఇరుక్కుంటుంది. మూతకు ట్యాంకు నిపులు (పైపు తగిలించే మర ముక్క) వేసి, పైపును వంపు లేకుండా కిందికి దించితే మేలు. కొస నీళ్ళలో రెండు వేళ్ళ లోతు మునిగితే చాలు. తెల్లారుజామున చల్లబడి పులియడం నెమ్మదిస్తే డ్రమ్ము బకెట్టు నీళ్ళను వెనక్కి పీల్చగలదు, అందుకే బకెట్టులో మంచినీళ్ళే పోస్తా, గుంట నీళ్ళు పోయను.

రోహిణి కార్తెలో మాత్రం ఈ ఏర్పాటు మీద పూర్తిగా ఆధారపడలేం. బీరు కాచేవాళ్ళు ఏల్ అనే రకం బీరుకు వాడే ఈస్టును 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచి నెమ్మదిగా నడిపిస్తారు. మన షెడ్డులో నీళ్ళే 30 దాటి ఉంటాయి, రొట్టెల ఈస్టుకు అదే పండగ. ఆ రోజుల్లో ఈస్టు సగానికి తగ్గిస్తా, డ్రమ్ము మీద తడి గోతాం కప్పుతా. నాలుగు చుక్కలు వేరుశనగ నూనె వేస్తే నురగ కొంత అణుగుతుంది, అట్టను మాత్రం అది ఏం చెయ్యలేదు. తవుడును నెట్టు సంచిలో కట్టి వేయడమూ చూశా. గొట్టానికి పొట్టు అడ్డం పడలేదు గానీ సంచి నడుమ ఉన్న తవుడు ముద్దలాగే ఉండిపోయింది. పిసికే ఓపిక ఉంటే చెయ్యండి.

ఉప్పుగాలికి ముందు పోయేది ఇనప పట్టీ. ప్లాస్టిక్ చెక్కుచెదరలేదు, పట్టీ మాత్రం తుప్పు పట్టి కొక్కెం విరిగింది. ఇప్పుడు గ్రీజు పూసి వాడుతున్నాం.

ఇంకొకటి, డ్రమ్మును మోటారు రూములో పెట్టి తలుపు వేయొద్దు. ఈ గ్యాసు గాలి కంటే బరువు, నేలబారున నిలుస్తుంది. కాపలా మనిషి ఆ రూములోనే కింద పడుకుంటే ప్రాణానికే ముప్పు. మా డ్రమ్ము రేకుల పంచ కింద, మూడు వైపులా గాలి ఆడే చోట ఉంటుంది. వడకట్టిన నీళ్ళు కూడా ఎండెక్కాక, ఏరియేటర్లు (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) తిరిగేటప్పుడే చల్లుతాం. రాత్రిపూట చల్లితే గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది.

అరెకరం గుంట ఒకటే ఉండి 50 లీటర్ల క్యానులో కలుపుకునే వాళ్ళకు ఇదంతా అక్కర్లేదు. సగం వరకే కలిపి, మూత బిగించకుండా దోమతెర గుడ్డ కట్టి వదిలేయండి.