ఐబీఎస్‌కు హిప్నోథెరపీ అంటూ ప్యాకేజీ డబ్బు ముందే కట్టకండి

రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో డ్యూటీకి వెళ్తాను. మంగళగిరి వచ్చేసరికి కడుపు మెలిపెట్టేది, వారధి మీద ట్రాఫిక్ ఆగిందంటే ఒళ్లంతా చెమటలు. నాలుగేళ్లు ఇదే టెన్షన్. గ్యాస్ట్రో డాక్టరు పరీక్షలు చేయించి ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే మాటిమాటికీ కడుపునొప్పి, విరేచనాల్లో తేడాలు తెచ్చే పేగుల సమస్య) అన్నారు. మందులతో సగం తగ్గింది. మిగతా సగం కోసం వెతుక్కుంటూ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హిప్నోథెరపీ (మనిషిని గాఢమైన విశ్రాంతి స్థితిలోకి తీసుకెళ్లి మాటలతో చేసే చికిత్స) సెంటర్‌కు వెళ్లాను. పన్నెండు సిట్టింగులు, 36 వేలు, గ్యారంటీ. ఒక్కోసారికి విడిగా కడతానంటే, "నమ్మకం లేకపోతే మనసు లొంగదు సార్" అన్నాడాయన. మనసు సంగతేమో గానీ ఆ మాటకు నేను లొంగాను.

రిపోర్టుల ఫైలు తెరవనే లేదు. మలంలో రక్తం పడుతోందా, బరువు తగ్గారా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తోందా, ఒక్కటీ అడగలేదు. ఇవి ఉంటే ఐబీఎస్ అనుకుని ఊరుకోకూడదు. రెండో సిట్టింగులో గత జన్మలోకి తీసుకెళ్లాడు. అప్పుడెవరో నన్ను కడుపులో పొడిచారట, అందుకే ఈ నొప్పట! మూడోసారి మాత్రలు ఆపేయమన్నాడు. బుద్ధి తక్కువై ఆపాను. వారం తిరగకుండానే మళ్లీ మొదటికొచ్చింది. నాలుగోసారి నాకు హెడ్‌ఫోన్స్ తగిలించి, ఆయన బయట ఫోన్ మాట్లాడుకున్నాడు. డబ్బు వెనక్కివ్వమంటే రసీదు చూసుకోమన్నాడు. అందులో 'కౌన్సెలింగ్, నాన్ రిఫండబుల్' అని ఉంది.

సిగ్గుపడుతూనే మళ్లీ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికెళ్లాను. ఆయన తిట్టలేదు, ఈ చికిత్స బూటకమనీ అనలేదు. 1984లోనే మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు బృందం, వేరే చికిత్సలకు తగ్గని 30 మందితో పరీక్షించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిందట. ఏడాది మందులు వాడినా తగ్గనివాళ్లకు దీన్ని పరిశీలించవచ్చని బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లోనూ ఉంది. కానీ అసలు పద్ధతిలో గత జన్మలుండవు. ధ్యాసంతా పేగుల మీదే. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వెచ్చదనం ఊహించుకోమంటారు, ఇంట్లో సాధన చేయడానికి ఆడియో ఇస్తారు. అది కూడా అందరికీ పనిచేయదు.

వెళ్లాలనుకుంటే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. అవతలివాళ్లకు ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఏ సిట్టింగు డబ్బు ఆ సిట్టింగుకే కట్టండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. సెంటర్ నుంచి మాత్రం "మీకింకా ఎనిమిది సిట్టింగులున్నాయి, ఎప్పుడొస్తారు సార్?" అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.